బావకు వాసన తెలియడం లేదు

ఆదివారం, పడుకునే ముందు

ఇంట్లో కాచే ఐపీఏ అనే చేదు బీరుకు వాసననిచ్చే హాప్స్ పూలు ఏవి వేయాలో తేల్చుకుందామని సాయంత్రం బావను పిలిచాను. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మాల్టు నేనే ఎంచాను: లేత రంగుది ఎక్కువ, కారమెల్‌ది కాస్త. హాప్స్ మాత్రం ఎప్పుడూ బావ ముక్కుతోనే ఎంచుతాం.

రెండు ప్యాకెట్లు ఇచ్చాను. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని, "గిదే ఎయ్యి బామ్మర్దీ, నారింజ తొక్క లెక్క మస్తు వాసనొస్తున్నది" అన్నాడు.

ఆ ప్యాకెట్ సీలు నేనింకా విప్పనే లేదు.

చూపిస్తే తల దించుకున్నాడు. "మొన్న జ్వరమొచ్చినప్పటి సంది ఏ వాసనా తెలుస్తలేదు. ఎవ్వలకు చెప్పకు, అన్‌ఫిట్ చేస్తరు."

బీరు సంగతే మరిచిపోయాను. బావ పనిచేసేది భూగర్భ గనిలో. లోపల బొగ్గు రాజుకుంటే పొగకన్నా ముందు వాసనే తెలుస్తుంది. దాన్ని పసిగట్టి మిగతావాళ్లను పైకి పంపాల్సింది ఆయనే.

"అక్కకన్న చెప్పినవా?"

"చెప్తే ఏడుస్తది."

"రేపు డ్యూటీకి పోకు బావా. పోతే నేనే మేనేజర్‌కు చెప్త."

చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఫోన్ ఎత్తడం లేదు.

పొద్దున ఆయనకన్నా ముందే గని గేటు దగ్గర ఉంటాను. ఆ తర్వాత అక్క ముఖం ఎట్లా చూడాలో...