గుసగుస తీసేసిన పాట

వైశాలి (ఢిల్లీ పక్కన),
ఆదివారం మధ్యాహ్నం.

అక్కయ్యకు ఉష నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేను, మీ మరిది, చిన్ని బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, బావగారు, మీ అత్తగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఆవిడ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? చేతిలో ఫోన్లుండగా ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. ఈ సంగతులు ఫోన్లో చెప్పబోతే మధ్యలో నువ్వు నవ్వుతావు, నాకు కోపం వస్తుంది. కవరులో ఒక పెన్‌డ్రైవ్ కూడా ఉంది. చించేటప్పుడు జాగ్రత్త.

ఢిల్లీకి చలి ఇంకా రాలేదు గాని పొగ మాత్రం వచ్చేసింది. పొద్దున కిటికీ తీస్తే ఎదుటి బ్లాకు కనబడదు. గొంతులో ఎప్పుడూ గరగర. ఆఫీసుకు రోజూ మెట్రోలోనే. యమునా బ్యాంక్‌లో రైలు మారి నోయిడా చేరేసరికి గంట. తిండికి లోటు లేదు. చిన్ని రాజ్మా చావల్ అంటే పడి చస్తుంది, నాకేమో కందిపొడి లేనిదే ముద్ద దిగదు. వీలైతే ఒక సీసా పంపు. మేం బాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోకు.

ఇక అసలు విషయం. నువ్వు నెట్‌లో పెట్టిన పాట నన్ను ఇక్కడికి కూడా వెతుక్కుంటూ వచ్చింది.

పోయిన నెల మయూర్ విహార్‌లో విజయా ఆంటీ ఇంట్లో తెలుగువాళ్ళం కలిశాం. పూజ అయ్యాక ఆవిడ స్పీకర్‌లో ఒక పాట పెట్టారు. మొదటి మాటకే నా చేతిలో ప్రసాదం ఆగిపోయింది. అమ్మ హారతి పాట, నీ గొంతు. "అరే ఉషా, సునో సునో, ఇప్పుడొస్తుంది చూడు ఆ రాగం. ఎవరో మహాతల్లి, నాకైతే రోజూ ఏడుపొస్తుంది" అన్నారు ఆంటీ. పక్కింటి పంజాబీ ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంది. ఆ మహాతల్లి మా అక్కయ్యేనని నేను చెప్పలేదు. నిజం చెప్తున్నాను అక్కయ్యా, కుళ్ళుకున్నాను.

ఆ రోజు నుంచి మెట్రోలో నాకదే పని. నీ పాట ఎక్కడెక్కడికి పోయిందో వెతకడం. ఎవరో ఇత్తడి కుందులు చింతపండుతో తోమే వీడియో వెనకాల నీ రాగం పెట్టారు. ఇంకెవరో దాన్ని మెల్లగా సాగదీసి, వానచప్పుడు కలిపి, నిద్ర పట్టడానికి వినమన్నారు. ఉచితంగా పాటలు దింపుకునే సైటు ఒకదానిలో 'పాత తెలుగు హారతి, గాయని: తెలియదు' అని ఉంది. అది చూసి ఎంత సంతోషించానో! ఆ రోజు ఆఫీసులో నన్ను చూసి ప్రమోషన్ వచ్చిందా అని అడిగారు.

నిన్ను పొగిడినందుకు కాదు నా బాధ. చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను, అలవాటైపోయింది. మొన్న ఫోన్లో నువ్వన్న మాట గుర్తుందా? "పాటంతా వెనకాల ఏదో గుసగుస వినిపిస్తుంటే యాప్‌లో పెట్టి తీసేశానే, ఇప్పుడు శుభ్రంగా ఉంది" అన్నావు.

ఆ గుసగుస నేను.

చిన్నాన్నగారి సునీత శ్రీమంతం రోజున నువ్వు పీట ముందు నిలబడి పాడుతుంటే, నీ వెనకాల అమ్మ పాటల పుస్తకం పట్టుకుని ఒక్కో చరణం అందించింది ఎవరు? ఆ పుస్తకం పక్కనే పెట్టిన నా ఫోన్లోనే అది రికార్డయింది. సాయంత్రం బ్లూటూత్‌లో నీకు పంపింది కూడా నేనే. నీకు తొమ్మిది చరణాల్లో రెండు వచ్చు. మిగతా ఏడూ నా నోట్లోంచి నీ నోట్లోకి వెళ్ళినవే. పాట కింద మాత్రం 'అమ్మ దగ్గర నేర్చుకున్నది, పాడినది సరళ' అని రాసుకున్నావు.

పౌరుషం వచ్చి నేనూ పాడాను. నవ్వకు. ఉప్పునీళ్ళు పుక్కిలించి, తలుపు వేసుకుని, తొమ్మిది చరణాలూ ఒక్క తప్పు లేకుండా పాడి నెట్‌లో పెట్టాను. వారమంతా విన్నవాళ్ళు పధ్నాలుగు మంది. అందులో సగం నేనే. మీ మరిది పాపం రెండు ఫోన్లలోనూ విన్నారు. చిన్ని విని "మమ్మీ, పెద్దమ్మావాలా జ్యాదా అచ్ఛా హై" అంది, పెద్దమ్మదే ఎక్కువ బాగుందట. ఒకే ఒక్క కామెంట్ వచ్చింది. ఆత్రంగా తెరిచి చూస్తే, 'అసలు పాట సరళగారిది, తప్పక వినండి' అని రాసి నీ లింకు పెట్టారు! ఆ క్షణమే నా పాట తీసిపారేశాను.

ఆ కోపంలోనే నీకు అబద్ధం చెప్పాను. ఆడవాళ్ళ పాటలు సేకరించే సైటు వాళ్ళు ఇంకో పది పాటలు అడుగుతున్నారు, అమ్మ పుస్తకం ఫొటోలు తీసి పంపమని నువ్వు అడిగావు చూడు. ఇల్లు మారినప్పటి నుంచి కనబడటం లేదన్నాను. అప్పుడది నా ఒళ్ళోనే ఉంది. అమ్మ పోయాక గాజులు నీకిచ్చి పుస్తకం నాకిచ్చారు. గొంతు ఎలాగూ నీదే. ఇదొక్కటైనా నా దగ్గరుండనీ అనుకున్నాను.

తర్వాత పాత ఫోను మెమరీ కార్డు వెతికి, యాప్‌లో పెట్టని అసలు పాట విన్నాను. నా గొంతు వినడానికే విన్నాను. మూడో చరణం అయిపోయింది. నాలుగోది నేను అందించాలి. అందించలేదు.

ఎందుకో ఇప్పుడు చెప్తున్నాను. దానికి కాస్త ముందే కామేశ్వరత్తయ్య అంది, "పెద్దది పాడుతుంటే అచ్చం వాళ్ళమ్మే. చిన్నది పుస్తకం పట్టుకోడానికి పనికొచ్చింది" అని. నువ్వు వినలేదు, నేను విన్నాను. సరే, పాడుకో చూద్దాం అని పుస్తకం మూసేశాను. అందరి ముందూ నువ్వు తడబడాలని కోరుకున్నాను. కావాలనే చేశాను అక్కయ్యా.

నువ్వు వెనక్కి తిరిగి చూడలేదు. మాట అందకపోయేసరికి కళ్ళు మూసుకుని రాగం తీశావు. తీస్తూనే ఉన్నావు. నాకే సిగ్గేసి పుస్తకం తెరిచి నాలుగో చరణం అందించాను. విజయా ఆంటీని ఏడిపించేది, కుందులు తోమేవాళ్ళు పెట్టుకున్నది, వానలో నిద్రపుచ్చేది ఆ రాగమే. నేను మాట అందించి ఉంటే అది పుట్టేదే కాదు. నా పాటలో ఆ చోటికి వచ్చేసరికి నేను గడగడా తర్వాతి చరణం చదివేశాను. నాకు అన్ని మాటలూ వచ్చు మరి, ఆగడం ఎందుకు?

ఇది తెలిశాక కూడా కుళ్ళు పూర్తిగా పోలేదు. పోయిందంటే నువ్వు నమ్మవు.

పెన్‌డ్రైవ్‌లో ఆ అసలు పాట ఉంది. పుస్తకం పేజీలన్నీ ఫొటోలు తీసి పెట్టాను, ఒక్కటీ దాచలేదు. కాని చూశాక నువ్వే తల పట్టుకుంటావు. అమ్మ ప్రతి చరణానికీ మొదటి రెండు మాటలే రాసుకుంది. మిగతావన్నీ ఆవిడ వంటింట్లో పాడుతుంటే పక్కన కూర్చుని నేను నేర్చుకున్నవి. అవి ఏ ఫొటోలోనూ పడవు.

అందుకని, వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టు. నేను ఇక్కడి నుంచి అందిస్తాను, నువ్వు పాడు. పదీ అలాగే రికార్డు చేసి, అలాగే పంపాలి. ఆ యాప్ జోలికి వెళ్ళావంటే పదకొండో పాట అడగకు. కింద నీ పేరు పక్కన 'అందించినది ఉష' అని రాయాలి. ఈ ఒక్కటీ నీ చెల్లెలి కోరిక అనుకో, పంతం అనుకో.

బావగారికి, మీ అత్తగారికి నా నమస్కారాలు. చిన్నిని వాళ్ళ పెద్దమ్మ మనసారా దీవించాలి, నన్ను కాస్త క్షమించి దీవించాలి. కందిపొడి మరిచిపోకు.

నీ చెల్లెలు,
ఉష

తా.క. ఆదివారం నేనెక్కడైనా అందించడం ఆలస్యం చేస్తే కంగారుపడి నన్ను పిలవకు. కళ్ళు మూసుకుని రాగం తీస్తూ ఉండు.