గాజుతొట్టికి వడపోత

ప్రొద్దుటూరు,
12-10-1958, ఆదివారం.

చి.సౌ. సుశీలను, పాపను మనసారా ఆశీర్వదించి గురురాజారావు వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. జమ్మలమడుగులో అన్నయ్య దగ్గర అమ్మ కూడా కులాసాగా ఉన్నదని కబురు వచ్చింది. తొండూరులో మీరంతా బాగున్నారని, నీకు నీరసం తగ్గిందని తలుస్తాను. మామయ్యగారికి, అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ జాబు అందింది. వానపాములు చేత్తో ముట్టుకుంటున్నారట, నిజమేనా అని అత్తయ్య అడగమన్నదని రాశావు. నిజమే. చేపలకు వేసిన తర్వాత స్నానం చేసే సంధ్య వారుస్తున్నాను. అంతకంటే ఆమెకు చెప్పగలిగింది లేదు. పాపకు రెండో నెల వచ్చినా తండ్రి చూడడానికి రాలేదు, మీకు బిడ్డ ఎక్కువా చేపలెక్కువా అని నువ్వు అడిగావు. దానికి జవాబు కొంచెం పెద్దది.

విశ్వేశ్వరయ్య శెట్టిగారి పత్తి జిన్నింగు మిల్లులో నేను గుమాస్తానన్నది నీకు తెలుసు. ఆయనకు గుండెనొప్పి వచ్చినాక డాక్టరు మిల్లు వైపు పోవద్దన్నాడు. మనసుకు శాంతిగా ఉంటుందని మద్రాసు నుంచి మనిషి పొడవున్న గాజుతొట్టి, అరచేయంత బంగారు చేపలు తెప్పించుకున్నారు. వాటితోపాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. అది చదివి చెప్పడానికి నన్ను బంగళాకు పిలిచారు. ఆ రోజు లోపలికి పోయినవాడిని ఇంకా బయటపడలేదు. పడక కూడా అక్కడే, తొట్టి పక్క గదిలో.

శెట్టిగారు పగలంతా తొట్టి ముందు కూర్చుని బొరుగులు వేస్తుంటారు. ఆ చేపలు ఎంత వేసినా తింటాయి, తిన్నదానికి రెండింతలు మురికి చేస్తాయి. నీళ్ళు కుడితిలాగా తయారై మొదట్లోనే ఒక చేప చచ్చిపోయింది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

"ఇవి బోతే నేనూ బోతా సామీ. నువ్వు ఈణ్ణించి కదలాకు," అని నా చెయ్యి పట్టుకున్నారు. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేవాడిని. పిల్లవాడిలా బతిమాలారు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. పాప పుట్టిన కబురు తెలియగానే నేను బస్సెక్కాను. ముద్దనూరులో బస్సు ఆగినప్పుడు శెట్టిగారి కారు వచ్చి అడ్డం నిలబడింది. "చేప ఒకటి పక్కకు ఒరిగిండాది సామీ. అయ్య ఎగపోసుకుంటాండాడు, రా," అన్నాడు డ్రైవరు. బస్సులో అందరూ నా వైపే చూస్తున్నారు. దిగిపోయాను.

ఇంతకూ ఏ ఫిల్టరు కొన్నారని అడిగావు. మద్రాసు అంగడివాళ్ళు చెప్పింది తొట్టి మూలన పెట్టే చిన్న పెట్టె, దానికి గాలి ఊదే మోటారు. చిన్న తొట్టికి, చిన్న చేపలకు అది సరిపోతుందేమో. ఈ చేపల మురికికి పూట గడవకుండానే నిండిపోతుంది. దాన్ని కొంటే నేను జన్మంతా దాని పక్కనే కూర్చోవాలి. నాకు కావలసింది నేను లేకపోయినా నడిచే ఫిల్టరు. చేపలకోసం అని శెట్టిగారికి చెప్పాను గాని, వెతికింది నాకోసమే.

చివరికి మిల్లు ఫిట్టరు నబీ రసూల్‌తో కలిసి ఒక పెద్ద డ్రమ్ముతో చేయించాను. తొట్టిలో నీళ్ళను చిన్న మోటారు పైకి తోడి డ్రమ్ములో పోస్తుంది. అవి వడకట్టుకుని మళ్ళీ తొట్టిలో పడతాయి. సన్నటి ఇసుక పోయాలని నేను, "మన మిల్లులో దూది పెట్టుకోని వేరేది ఏంటికి సామీ?" అని అతను. రెండూ వేశాం. రెండూ బిగుసుకుపోయి నీళ్ళు డ్రమ్ము మీదుగా పొర్లి శెట్టిగారి జంబుఖానా తడిసి ముద్దయింది. తర్వాత పైన మందపాటి గుడ్డ, కింద బొగ్గు, పెన్నలో ఏరిన గులకరాళ్ళు పెట్టాం. ఒకసారి అతిశుభ్రానికి పోయి రాళ్ళన్నీ తెల్లగా కడిగితే నీళ్ళు మళ్ళీ మసకబారాయి. రాళ్ళకు పట్టిన జిగటే నీళ్ళను తేరుస్తుందని, వాటి జోలికి పోకుండా గుడ్డ ఒక్కటే రోజూ ఉతికితే చాలునని అప్పుడు తెలిసింది. కరెంటు పోతే ఎవరైనా చెంబుతో తోడి పోయవచ్చు.

నీళ్ళు అద్దంలా తేరుకున్నాయి. సంతోషంగా పోయి సెలవు అడిగాను.

"నీళ్ళు శానా బాగుండాయి సామీ," అన్నారు శెట్టిగారు. "నువ్వు ఉండావు గాబట్టే బాగుండాయి. ఇప్పుడెట్ల పంపిస్తా?"

సుశీలా, జాబు మామయ్యగారికి చదివి వినిపిస్తుంటే ఇక్కడ ఆపు. మిగతాది నువ్వొక్కదానివే చదువుకో.

మొన్న గురువారం తెల్లవారి చూస్తే ఎర్రచేప, అన్నిటికంటే పెద్దది, శెట్టిగారి వేళ్ళ దగ్గరికి వచ్చి తినేది, వెల్లకిలా తేలుతోంది. దాన్ని చూడగానే నాకు సంతోషం వేసింది. ఇది చూస్తే ఆయన గుండె ఆగిపోతుంది, నేను తొండూరు పోవచ్చు అనుకున్నాను. అన్నం పెట్టే మనిషి చావు కోరుకున్నాను. నీ భర్త అలాంటివాడని నీకు తెలియాలి.

"పారేద్దాం సామీ. అట్లాంటిదే ఇంకోటి తెప్పిస్తే అయ్యకేం తెలుస్తాది?" అన్నాడు మోటారు చూడడానికి వచ్చిన నబీ రసూల్. నిజమే, తెలియదు. కాని ఆ తర్వాత ప్రతి చావునూ దాచుకుంటూ నేను అక్కడే ఉండిపోవాలి. వద్దన్నాను. ఈలోగా శెట్టిగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"ఎర్రది యాడ?"

"చచ్చిపోయిందండీ."

"నీళ్ళు చెడినాయా?"

"లేదండీ. నీళ్ళు బాగున్నాయి, నేనూ ఇక్కడే ఉన్నాను. అయినా చచ్చిపోయింది."

ఆయన చెయ్యి గుండె మీదికి పోయింది. నేను రెండో చెయ్యి పట్టుకుని కింద కూర్చున్నాను. అప్పుడు మాత్రం ఈయన పోవద్దు, పోవద్దు అని మన ఇంటి దేవుడు రాయరికి మొక్కుకున్నాను. చాలాసేపు ఆయన తన ఊపిరి తానే వింటున్నట్టు కదలకుండా ఉన్నారు.

"నేనుండానే సామీ," అన్నారు చివరికి, ఎవరో తనను మోసం చేసినట్టు.

"ఉన్నారండీ."

"ఆకలైతాంది."

అన్నం తిన్నాక, "నీ బిడ్డ ఎవరి పోలిక?" అని అడిగారు.

"నేనింకా చూడలేదండీ."

ఆయన లేచి డ్రమ్ము దగ్గరికి వచ్చి, "ఆ గుడ్డ ఎట్ల తీయల్లో చూపించు," అన్నారు. తీసేసరికి మురికినీళ్ళు ఆయన తెల్లపంచె మీద కారాయి. "ఇంత మురికి రోజూ ఉంటాదా!" అన్నారు. ఉంటుందండీ అన్నాను. ఆయన చావు కోరుకున్న సంగతి ఆయనతో చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు.

బుధవారం బస్సుకు పొమ్మన్నారు, వస్తున్నాను. ఎప్పుడు తిరిగి రావాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నిన్న ఆయనే గుడ్డ ఉతికారు. ఒకసారి చాలునన్నా వినక రెండుసార్లు ఉతికారు.

ఇట్లు,
నీ భర్త, పాప ఇంకా ఎరగని తండ్రి,
గురురాజారావు