నార్మల్ అని రాసిన కాగితం

జానకీ,

మళ్లీ కాఫీ పళ్లు కోతకొచ్చాయి. నువ్వు పోయి ఏడాది. ఇప్పుడు నీ చెల్లికీ నీలాగే జ్వరం వస్తే, సంత జీపులో ఆసుపత్రికి తెచ్చాను. రక్తపరీక్ష కాగితం మీద నార్మల్ అని రాశారు. నీకూ అదే రాశారు.

"నార్మలంటే ఏటమ్మా?" అని నువ్వడిగావు.

"నీకేటీ లేదని. లెగు, జీపెల్పోద్ది" అన్నాను. వణుకుతూనే నా వెనక నడిచావు.

ఈసారి నర్సమ్మని అడిగాను. "నార్మలు కాగితానికా, పిల్లకా?"

"ఆ పరీక్షొక్కదానికేనమ్మా. పిల్లనింకా డాక్టరుబాబు సూడాల."

"ఇంటికెల్పోదామే, జీపెల్పోద్ది" అంటోంది నీ చెల్లి.

"పోతే పోనియ్" అన్నాను.

డాక్టరు ఇంకా రాలేదు. బల్ల మీద కూర్చుని, ఆ కాగితం వెనకే నీకిది రాస్తున్నాను. నీ చెల్లి తల నా ఒళ్లో కాలిపోతోంది.