డెస్క్‌టాప్ మీది నాన్న పాటలు

కోట,
18 నవంబరు 2024.

తమ్ముడు బెన్హర్‌కు అక్క నవోమి వందనాలు. మనుబోలులో నువ్వూ, ఫ్లోరా, బిడ్డలూ ప్రభువు కృపలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో నన్ను బ్లాక్ చేసినావు గదా, అందుకని కాగితం పట్టినా. చించకుండా చదువు నాయనా.

అలిసిపోయినానురా. మన డీటీపీ షాపులో మూడు కంప్యూటర్లకూ పోయినేడు విండోస్ తీసేసి నువ్వేసిన లినక్సే ఉంది. నువ్వు పెట్టిన కేడీఈ డెస్క్‌టాప్ అందంగానే ఉండింది, కాదనను. కానీ మనవి ముసలి మిషన్లు, ఒక ఫైలు తెరుచుకునేలోపు టీ తాగొచ్చేదాన్ని. దాని బదులు గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ వేసి చూసినా. స్టార్ట్ బటన్ ఏదని వచ్చినోళ్లంతా ప్రాణం తీసినారు. రొయ్యల గుంటల పద్మనాభయ్య గారైతే కంప్యూటరు చెడగొట్టుకున్నావని తిట్టిపోయినాడు. ఆఖరికి ఎక్స్‌ఎఫ్‌సీఈ కుదిరింది. చూపుకు పాతదే గానీ చెప్పిన మాట వింటాది, నా మాదిరి కాదు.

కరపత్రాలకు లిబ్రే ఆఫీసు చాలు. నాకు ప్రాణమైంది మాత్రం గొంతు రికార్డు చేసే ఆడాసిటీ. ఎందుకో చెప్తా.

నాన్న కట్టిన నూటపన్నెండు పాటలూ పోయినాయి గదా. ఆయన పుస్తకం తుఫాను నీళ్లలో నాని పాడైతే, కంప్యూటర్లో నేను టైపు చేసిన కాపీ ఒక్కటే మిగిలింది. కంప్యూటర్లో అన్నీ చెరిపి లినక్స్ వేసినాక నా పెన్‌డ్రైవులో ఒక్క పాటా తెరుచుకోలేదు. ఆ ఆదివారం సంఘ పెద్దల ముందర, నాన్నను రెండోసారి చంపినావని నిన్ను అనేసినా. నువ్వు చెప్పులేసుకుని వెళ్లినావు. వెళ్లడం వెళ్లడమే.

ఇప్పుడు మధ్యాహ్నాలు షారన్ పెద్దమ్మను కూర్చోబెట్టి పాడిస్తున్నా. రికార్డు చేసి, విని, మళ్లీ టైపు చేస్తున్నా. పాపం ఆమెకు దగ్గొస్తే ఆగుతాం. అరవైమూడు దొరికినాయి. చేపల వేటకు పోయేటోళ్ల పాటలో మూడో చరణం ఎవరికీ రావడంలేదు. నాన్న పక్కన డోలక్ కొట్టినోడివి, నీకు రాకుండా ఉండదు. ఒక్కసారి వచ్చి పాడిపో. నాతో మాట్లాడకపోయినా పర్లేదు.

ఇట్లు,
నీ అక్క,
నవోమి.

తా.క.: అసలు మాట రాయకుండానే కవరు అంటించబోయినా, సిగ్గులేనిదాన్ని. ఆ రోజు అన్నీ చెరిపే ముందు, పాటలు దాచుకున్నావా అక్కా అని నువ్వు రెండుసార్లు అడిగినావు. దాచినానని పెన్‌డ్రైవు చూపించినా. పోయిన నెల వెంకటాచలంలో ఒకమ్మాయి దాన్ని విండోస్‌లో తెరిచి చెప్పింది. అందులో ఉన్నవి పాటలు కాదంట, పాట ఉన్న చోటికి దారి చూపే షార్ట్‌కట్లంట. వెతుక్కోను తేలికని నాన్న కోసం డెస్క్‌టాప్ మీద పెట్టిన ఆ బాణం గుర్తు బొమ్మలనే, పాటలనుకుని కాపీ చేసుకున్నా. ఇన్నేళ్లు కంప్యూటరు ముందర కూర్చుని నేను నేర్చింది అది.

పాటలు తెరుచుకోనప్పుడే నీకు తెలిసుంటుంది. అయినా పెద్దల ముందర నా తప్పు బయటపెట్టలేదు. నిన్న ఆరాధనలో సాక్ష్యాల వేళ లేచి నేనే చెప్పేసినా. అందరూ క్షమించినామన్నారు. నేను అడగాల్సింది వాళ్లను కాదు గదరా.