రాగి ఎక్కడ పట్టుకుందో

ఒరేయ్ ఏసోబూ,

సమాధుల పండగకి నీ సమాధికి సున్నం వేయించి, ఈ ఉత్తరం చెప్పి రాయిస్తున్నాను. యూనివర్సిటీలో పరిశోధన చేసే నీ కూతురు రూతు ఇంటికొచ్చింది. తల్లిదండ్రుల పోలికలు పిల్లలకి చేరవేసే డీఎన్ఏ అనే సన్నటి దారం మన ఒంట్లో ఉందట. దాన్ని నీళ్లలో కరిగించి, రాగి కలిసిన మందు పోస్తుందట.

“చదువు చాలు వదినా, రొంపిచెర్ల బళ్లో టీచరుగా చేరమను,” అన్నాడు మీ బాబాయి.

నేను రూతునే అడిగాను. “ఏమే, రెండూ నీళ్లలోనే ఉంటే, రాగి ఆ దారాన్ని పట్టుకుందని ఎట్టా తెలుస్తది?”

“వెలుగు పంపి చూస్తా నాయనమ్మా. పట్టుకుంటే రాగి మింగే వెలుగు మారుద్ది. ఎక్కడ పట్టుకుందో మాత్రం ఇంకా తెలవదు.”

పెద్దవాళ్ల ముందు తెలవదని అంత ధీమాగా చెప్పిన మనిషిని నేను చూడలేదు. అది తేల్చకుండా పిల్ల ఎట్టా ఆగుతుంది? రేపు బస్సెక్కిస్తున్నాను. మీ బాబాయి అలిగి, నీ దగ్గరికొచ్చి నా మీద చెప్పుకుంటాడు. విని ఊరుకో.