గుజ్జు సంగతి తేలలేదు నాయనా

నాయనా,

సింగపూర్ కోర్టు తీర్పు ఈ రోజు వచ్చింది. మనమే గెలిచాం. అయినా కుదురుగా కూర్చోలేక పొద్దున్నుంచి ఫ్యాక్టరీ అంతా తిరుగుతున్నాను.

మనం పంపిన మామిడి గుజ్జు పులిసిపోయిందని ఆ విదేశీ కంపెనీ సింగపూర్‌లో తగాదా పెట్టినప్పుడు, "సింగపూర్ మధ్యవర్తులు తేల్చాలని నేను యాడా ఒప్పుకోలేదే" అని నువ్వు ఎంత మొత్తుకున్నావో! కోర్టు బదులు తగాదాలు తేల్చే ఆ మధ్యవర్తులు వినలేదు. తమకు అధికారం ఉందని తామే చెప్పుకుని, తప్పు నీదేనని తేల్చేశారు. ఆ నింద మోసుకునే నువ్వు కన్నుమూశావు.

ఇప్పుడు కోర్టు నువ్వు ఒప్పుకున్నావా లేదా అన్న సంగతి మొదటి నుంచీ చూసింది. నువ్వు ఒప్పుకోలేదు కాబట్టి వాళ్లకు అసలు అధికారమే లేదంటూ వాళ్ల తీర్పును కొట్టేసింది.

లాయరు ఫోన్‌లో ఇది చెబుతుంటే అమ్మ నా పక్కనే నిలబడింది.

"అయితే మన గుజ్జు మంచిదేనని చెప్పినారా పాపా?"

"లేదమ్మా, దాని జోలికే పోలేదు. తీర్పు చెప్పే హక్కు వాళ్లకు లేదన్నారు, అంతే."

"మరి మీ నాయన మీద పడిన మాట?"



సాయంత్రం లాయరు మళ్లీ ఫోన్ చేశాడు. ఇంతటితో వదిలేద్దామని ఆ కంపెనీ అంటోందట. అమ్మ వైపు చూశాను. తల అడ్డంగా ఊపింది.

"వద్దు సార్," అన్నాను. "మన చిత్తూరు కోర్టులో కేసు వేసుకోమనండి. గుజ్జు సంగతే తేలాల."

ఓడిపోతామేమోనని భయంగానే ఉంది నాయనా. అమ్మ మాత్రం చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నది.