మేడమెట్ల సీను

దర్శకులుగారికి నమస్కారం.

మీ సినిమాల్లో పదిహేనేళ్ళు విలన్‌గా వేసిన మీ స్నేహితుడి కూతుర్ని. ఫోన్ చేస్తే నాన్న వింటారని ఉత్తరం రాసి, మా వంటావిడ చేత పంపుతున్నాను.

నాన్నకు మతిమరుపు వచ్చిందని మీకు తెలుసు. ఇప్పుడు సొంత మాటలు దాదాపు పోయి, పాత డైలాగులే మిగిలాయి. మూడు రోజులుగా మీరు తీసిన సినిమాలోని అనుమానపు భర్త వేషంలో ఉన్నారు. మొన్న అమ్మను, "ఎవరితోనే ఆ నవ్వులు?" అని అడిగారు. నిన్న కిటికీలన్నీ మూసి గడియలు పెట్టారు. ఈ ఉదయం అమ్మ తాళంచెవులు తీసి జేబులో వేసుకున్నారు. ఆ సినిమా నాకు కంఠతా వచ్చు. తరువాతి సీను మేడమెట్ల మీద.

అమ్మ ఆ సినిమా చూడలేదు. పిన్ని ఇంటికి పోదామంటే నవ్వుతుంది. "ఇన్నేళ్ళూ పరాయి ఆడవాళ్ళనే చంపారు. ఇన్నాళ్ళకు నాకూ వేషం దొరికింది, పోనీవే" అంటుంది. ఆమె గది మేడ మీదే. నేను మెట్ల మొదట్లో కూర్చుని ఇది రాస్తున్నాను.

నేను "కట్" అని చూశాను. నాన్న ఆగి, "నువ్వెవరమ్మా చెప్పడానికి? డైరెక్టరుగారు చెప్పాలి" అన్నారు.

దయచేసి ఈ సాయంత్రంలోగా వచ్చి ఆ ఒక్క మాట చెప్పండి. వంటగది వైపు తలుపు తీసి ఉంచుతాను. బెల్లు మాత్రం కొట్టకండి. ఆ సీను బెల్లుతోనే మొదలవుతుంది.